‘వస్తువు మంచిదే, శిల్పం లేదు’ – ఈ మాటకు అర్థమేమిటి?

కథాగోష్ఠుల్లో మాట్లాడడానికి లేచినవాళ్లలో సగంమంది నోట ఒకే వాక్యం వస్తుంది: “వస్తువు మంచిదే, శిల్పం లేదు.” ఈ వాక్యాన్ని నేనూ చాలాసార్లు అన్నాను. చోడవరంలో ఒకసారి అన్నదాన్ని మాత్రం మరిచిపోలేకపోతున్నాను. డిగ్రీ చదువుతున్న కుర్రవాడొకడు బెల్లం పొయ్యి దగ్గర పాకం చూసే కూలివాడి మీద కథ రాసుకొచ్చి చదివాడు. పెద్దవాళ్లం నలుగురం నాలుగు మాటలన్నాం. నాలుగింటి సారమూ పై వాక్యమే. గోష్ఠి అయిపోయి టీ తాగుతుంటే అతను నా దగ్గరికి వచ్చి అడిగాడు: “మాస్టారూ, శిల్పం లేదన్నారు కదండీ. అదెక్కడ పెట్టాలండీ?”

వేళాకోళం కాదు. నిజంగానే అడిగాడు. నేనేవో నిర్వచనాలు అప్పజెప్పాను. అవన్నీ అతనికి ముందే తెలుసు. పరీక్షల గైడులో వున్నవే. ఇతివృత్తం అంటే ఇది, పాత్ర చిత్రణ అంటే ఇది, సన్నివేశ కల్పన, వాతావరణం, శైలి, శిల్పం – ఒక్కోదానికి నాలుగు పంక్తులు, ఐదు మార్కులు. ఆ నాలుగు పంక్తులూ కంఠతా వచ్చిన మనిషికి తన కథ రెండో పేజీలో ఎందుకు చచ్చుబడిపోయిందో తెలియడం లేదు. వాటిని పాఠం చెప్పే నాకూ చెప్పడం చేతకాలేదు. పారిభాషిక పదం పనిముట్టు కావాలి. మన చేతుల్లో అది తీర్పుగా, ఇంకా చెప్పాలంటే తప్పించుకునే దారిగా మారింది. ఈ వ్యాసంలో పదాలన్నిటి జోలికీ పోను. మనల్ని ఎక్కువగా తప్పుదోవ పట్టిస్తున్న రెండు మూడింటిని మాత్రం పట్టుకుంటాను.

ముందు ‘వస్తువు’. ఈ మాటకు రెండు పుట్టుకలున్నాయి. పదో శతాబ్దంలో దశరూపకం రాసిన ధనంజయుడు రూపక భేదాలకు మూడు ఆధారాలు చెప్పాడు: వస్తువు, నేత, రసం. అక్కడ వస్తువంటే కథాశరీరం. ఆధికారికమనీ ప్రాసంగికమనీ దాన్ని విభజించాడు. ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అన్నాడు. భరతుడు నాట్యానికి శరీరమని చెప్పిన ఇతివృత్తానికీ దీనికీ పెద్ద తేడా లేదు. ఇరవయ్యో శతాబ్దంలో రూపం–సారం అనే చర్చ మన విమర్శలోకి వచ్చినప్పుడు, సారానికి సమానార్థకంగా మనం ఈ పాత ‘వస్తువు’నే తీసుకుని దాని పక్కన ‘శిల్పం’ నిలబెట్టాం. మాట అదే, అర్థం మాత్రం ఒక అంతస్తు పైకెక్కింది. పండితుడు వస్తువంటే జరిగిన కథ. మనం వస్తువంటే కథలోని సమస్య, సామాజికాంశం. విద్యార్థి ఒకే సంవత్సరంలో నాటకానికి ఒక అర్థం, కథానికకు మరో అర్థం చదువుకుని రెంటినీ కలిపి ముద్ద చేస్తాడు. తప్పు అతనిది కాదు.

ఈ గందరగోళం వల్ల జరిగిన నష్టమేమంటే, సమస్య పేరు చెబితే చాలు వస్తువు వున్నట్టే లెక్క వేయడం మనకు అలవాటైంది. వరకట్నం, కౌలు రైతు, నిరుద్యోగం. ఇవి వస్తువులు కావు, పత్రికల్లో శీర్షికలు. వీటిని విషయం అందాం. ఆ విషయంలో ఎవరికి ఏం జరిగింది, ఒకదాని వల్ల మరొకటి ఎలా జరిగింది అన్నది ఇతివృత్తం. ఆ జరిగినదానిలో రచయిత కొత్తగా ఏం పట్టుకున్నాడు, అంతకు ముందు మనకు కనబడని ఏ సంబంధాన్ని చూపించాడు అన్నది వస్తువు. ఈ విభజన నా సొంతమేమీ కాదు, వాడుకలో చెల్లాచెదురుగా వున్నదాన్ని ఒక చోట చేర్చానంతే. ఇలా చూస్తే ‘వస్తువు మంచిదే, శిల్పం లేదు’ అనడం చాలాసార్లు అబద్ధమవుతుంది. ఆ కథలో వున్నది విషయం మాత్రమే. వస్తువు ఇంకా తయారు కాలేదు.

గురజాడ ‘దిద్దుబాటు’ తీసుకోండి. 1910లో ఆంధ్రభారతిలో వచ్చింది. (గురజాడ పుట్టిన ఎస్. రాయవరం, ఈ గోష్ఠి జరిగిన చోడవరం ఒకప్పుడు విశాఖ జిల్లావి. 2022 నుంచి రెండూ అనకాపల్లి జిల్లాలో వున్నాయి. మన ఊళ్లవాళ్లు గర్వపడాలనుకుంటే పడొచ్చు.) విషయం: చదువుకున్న భర్త సానుల ఆటపాటల మోజులో రాత్రిళ్లు ఆలస్యంగా ఇల్లు చేరడం. ఆ కాలంలో ఇది సంఘసంస్కర్తలందరూ ఉపన్యాసాల్లో నలగ్గొట్టిన విషయమే. ఇతివృత్తం: ఒక రాత్రి గోపాలరావు ఇంటికి వస్తే భార్య కమలిని కనబడదు, ఆమె రాసిన ఉత్తరం కనబడుతుంది, అతను కుమిలిపోతాడు, చివరికి ఆమె ఇంట్లోనే వుందని తెలుస్తుంది. మరి వస్తువు? దిద్దేది ఎవరు, దిద్దబడేది ఎవరు అన్న ప్రశ్న అక్కడ తిరగబడింది. స్త్రీకి చదువు చెప్పించాలని ఉపన్యాసాలు చేసే తరం పురుషుణ్ణి ఆ చదువే నిలదీసింది. ఉత్తరం రాయడం రాని కమలినితో ఈ కథ నడవదు. ఆ చదువు కథలో అలంకారంగా లేదు, ఇతివృత్తాన్ని కదిలించే మరలాగా వుంది.

ఇందులో శిల్పమెక్కడుంది? కథ మొదటినుంచీ మనం గోపాలరావుతోనే వుంటాం. అతనికి తెలిసిందే మనకు తెలుస్తుంది. నౌకరు రాముడి మీద అతను విరుచుకుపడితే మనం పక్కనే నిలబడి చూస్తాం. కమలిని దాక్కోవడం ముందే చూపించి వుంటే ఏమయ్యేది? సంఘటనలు అవే, క్రమం అదే, నీతి అదే. కాని మనం భార్య పక్షాన కూర్చుని భర్త అవస్థ చూసి నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు అతనితో పాటు కంగారుపడి, అతనితో పాటే బుద్ధి తెచ్చుకుంటాం. మగపాఠకులకు ఆ కంగారు తప్పనిసరి. అంటే ఎవరి పక్కన నిలబడి కథ చెప్పాలన్న నిర్ణయమే ‘దిద్దుబాటు’ వస్తువును తయారు చేసింది. వస్తువు ఒక గదిలోనూ శిల్పం మరో గదిలోనూ లేవు.

ఈ నిలబడే చోటునే దృష్టికోణం అంటాం. మనవాళ్లను, ముఖ్యంగా అభ్యుదయ రచయితలను, ఎక్కువగా దెబ్బతీసిన పదం ఇదే. ఇంగ్లీషులో ‘పాయింట్ ఆఫ్ వ్యూ’ అనే ఒక్క మాట రెండు పనులు చేస్తుంది: కథ ఎవరి కళ్లతో చూపిస్తున్నారన్నదీ అదే, ఒక మనిషి అభిప్రాయమూ అదే. మొదటి అర్థంలో దాన్ని నవలా విమర్శకు కేంద్రంగా నిలబెట్టినవాడు పెర్సీ లబ్బాక్, 1921లో. తెలుగులో ఈ రెంటికీ రెండు మాటలుండడం మన అదృష్టం. దృష్టికోణం వేరు, దృక్పథం వేరు. మొదటిది కథకుడు నిలబడ్డ చోటు, అక్కణ్ణించి అతనికి కనబడే మేర, కనబడని మేర. రెండోది రచయిత ప్రపంచాన్ని అర్థం చేసుకున్న తీరు. ఇంత చక్కని అవకాశం పెట్టుకుని మనం రెంటినీ ఒకదాని బదులు మరొకటి వాడుతున్నాం. “రచయిత దృష్టికోణం ప్రగతిశీలమైనది” అని రాసినవాళ్లున్నారు. దృష్టికోణానికి ప్రగతీ తిరోగతీ వుండవు. ఒక కసాయి భూస్వామి కళ్లతో చెప్పిన కథకూ ప్రగతిశీల దృక్పథం వుండవచ్చు.

రావిశాస్త్రి ‘అల్పజీవి’ చదివిన విద్యార్థుల జవాబు పత్రాలు చూస్తే ఈ సంగతి బోధపడుతుంది. ఆ నవల చాలా భాగం సుబ్బయ్య అనే పిరికి గుమస్తా మనసులోంచి నడుస్తుంది. ప్రతి చిన్న మాటకూ బెదిరి, ప్రతి పెద్దమనిషి ముందూ కుంచించుకుపోయే మనిషి. ప్రపంచం అతనికి ఎలా కనబడుతుందో మనకూ అలాగే కనబడుతుంది. అది దృష్టికోణం. ఒక పిల్ల రాసింది: రచయిత నిరాశావాది, మనిషి మీద నమ్మకం లేనివాడు అని. సుబ్బయ్య చూపును రావిశాస్త్రి దృక్పథంగా లెక్కగట్టింది. ఆ పిల్లను అనడానికేముంది, అచ్చయిన సమీక్షల్లోనే ఇంతకంటే తొందరపాటు కనబడుతుంది. ఒక మనిషిని అంత అల్పుణ్ణి చేసిన వ్యవస్థ ఎలాంటిదో ఆ మనిషి లోపలినుంచే చూపించడం రావిశాస్త్రి చేసిన పని.

ఇక్కడే మరో మాట అనవలసివస్తోంది. పాత్ర కాస్త ఆలోచనలో పడితే చాలు ‘చైతన్య స్రవంతి’ అని రాసేస్తున్నారు. ఆ పేరు విలియం జేమ్స్ 1890లో మనస్తత్వశాస్త్రానికి పెట్టుకున్నది. 1918లో డొరతీ రిచర్డ్‌సన్ నవలల గురించి రాస్తూ మే సింక్లేర్ దాన్ని సాహిత్యంలోకి తెచ్చింది. ఆలోచన వరుస తప్పి, జ్ఞాపకమూ ఎదుట వున్నదీ ఒకదానిలోకి ఒకటి జారిపోతూ, కథకుడు సర్దిపెట్టకుండా వచ్చినప్పుడే అది చైతన్య స్రవంతి. 1969లో వచ్చిన నవీన్ ‘అంపశయ్య’ చదివితే – ఉస్మానియా హాస్టల్లో ఒక విద్యార్థి ఒక్క రోజు – తేడా తెలుస్తుంది. పాత్ర పొందిగ్గా, వ్యాకరణబద్ధంగా తనలో తాను మాట్లాడుకుంటే అది పాత కాలపు స్వగతమే. అందులో చిన్నతనమేమీ లేదు.

ఇప్పుడు అసలు కష్టమైన కథ దగ్గరికి వస్తాను. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ 1960ల మధ్యలో వచ్చింది. మాస్టారు 2021లో వెళ్లిపోయారు. ఆ కథ మీద చర్చ మాత్రం ఇంకా ఆగలేదు. అప్పల్రాముడు గోపన్నకు బాకీ. ఆ బాకీ తగువు శ్రీరాములునాయుడి పెద్దరికాన సుందరపాలెం నలుగురి మధ్యకూ వస్తుంది. వాదోపవాదాలు సాగుతాయి. ధర్మం, మాట నిలుపుకోవడం, ఊరి మర్యాద అన్నీ వస్తాయి. ముసలివాడు ఒప్పుకుంటాడు. కొడుకు సీతారాముడు ఒప్పుకోడు. చివరికి అతను తన కన్నకొడుకును చంపుతాడు, బానిసగా బతకవలసిన వంశం తనతో ఆగాలని.

ఈ ముగింపు మీద మనవాళ్లు కొట్టుకున్నంత మరే తెలుగు కథ ముగింపు మీదా కొట్టుకోలేదేమో. శ్రమజీవి తిరగబడాలి గాని కన్నబిడ్డను నరుక్కుంటాడా? ఇది నిస్పృహ కాదా? ఈ ప్రశ్నలు న్యాయమైనవే. ఇవి దృక్పథానికి సంబంధించినవి. కాని దృష్టికోణం ప్రశ్న అడక్కుండా వీటికి జవాబు రాదని నా అభిప్రాయం. ‘యజ్ఞం’ మనిషితో మొదలుకాదు, ఊరితో మొదలవుతుంది. కథనం ఎక్కువ భాగం బయటి చూపుతో, నలుగురి మధ్య కూర్చున్నవాడి చూపుతో నడుస్తుంది. మనుషులు వాళ్ల మాటల ద్వారానే మనకు తెలుస్తారు. అంటే పాఠకుణ్ణి రచయిత తెలివిగా ఆ పెద్దమనుషుల సరసన కూర్చోబెట్టాడు. అప్పు తీసుకున్నవాడు తీర్చాలి కదా, నాయుడు చెప్పినదాంట్లో తప్పేముంది అని మనమూ ఎక్కడో ఒక చోట తలాడిస్తాం. నేను తలాడించాను. ఇంత నెమ్మదిగా, ఇంత న్యాయంగా జరిగిన తగువు చివర ఆ శవం వచ్చి మన ముందు పడుతుంది. పడింది సీతారాముడి ముందు కాదు, తీర్పు చెప్పినవాళ్ల ముందు. మనమూ వాళ్లలో వున్నాం.

ఇదే కథను సీతారాముడి మనసులోంచి చెప్పి వుంటే అది ఒక కొడుకు వేదన అయ్యేది. మనం జాలిపడి బయటపడేవాళ్లం. అతను చేసింది రచయిత సిఫార్సు చేస్తున్న మార్గమని అనుకునేవాళ్లకు, అలా అనుకోవడానికి అప్పుడు కొంత ఆధారం దొరికేది. రామారావుగారు ఆ మనసులో కాపురం పెట్టలేదు. పని ఒక దారి చూపడం కాదు, ఒక న్యాయాన్ని చివరిదాకా నడిపించి దాని లెక్క ఎక్కడ తేలుతుందో చూపడం. ఇంత చెప్పిన తరవాత కూడా ‘ఈ లెక్క నాకు సమ్మతం కాదు’ అని ఎవరైనా అనవచ్చు. అనాలి కూడా. కాని ఆ వాదం కథలో వున్నదానితో జరగాలి.

ఈ ముగింపును ‘కొసమెరుపు’ అని ఒక వ్యాసంలో చదివి ఆశ్చర్యపోయాను. కొసమెరుపంటే చివర దాచి వుంచిన సమాచారం బయటపడి, అంతకు ముందు చదివిందంతా తారుమారు కావడం. ‘దిద్దుబాటు’లో అది కొంత వుంది. ‘యజ్ఞం’లో దాచిన సమాచారమేమీ లేదు. దిగ్భ్రమ కలిగిన ప్రతి చోటా కొసమెరుపు వుండదు.

పాత్రల గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. 1927లో ఫార్‌స్టర్ తన నవలా ప్రసంగాల్లో పాత్రల్ని రెండు రకాలుగా విడదీశాడు. మనం దాన్ని బల్లపరుపు పాత్ర, గుండ్రటి పాత్ర అని మక్కికి మక్కి అనువదించుకుని మొదటిదాన్ని తిట్టుగా వాడుతున్నాం. ఒకే గుణంతో కదిలే పాత్ర కథకు అవసరమైన చోట వుంటుంది, దానికి ఫార్‌స్టర్ ఏమీ నామోషీ అంటగట్టలేదు. చిన్నకథలో నౌకరు రాముడికి సంక్లిష్ట వ్యక్తిత్వం లేదని ఫిర్యాదు చేయడం అన్యాయం. తెలుగులో ఈ విషయాలు విద్యార్థికి అర్థమయ్యేలా చెప్పినవాడు వల్లంపాటి వెంకటసుబ్బయ్య. ‘నవలాశిల్పం’, ‘కథాశిల్పం’ రెండూ కథ రాయాలనుకునేవాళ్లు దగ్గర పెట్టుకోవలసిన పుస్తకాలు. ‘కథాశిల్పం’కు 1999లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. గైడులకు మాత్రం వాటి నుంచి నిర్వచనాలు తప్ప ఉదాహరణలు చేరలేదు.

చోడవరం కుర్రవాడి విషయానికి వస్తాను. అతని నోటుపుస్తకం అడిగి ఇంటికి తెచ్చుకుని మళ్లీ చదివాను. గోష్ఠిలో నేను సరిగ్గా వినలేదని మొదటి పేజీలోనే తెలిసిపోయింది. పాకం చూసే మనిషి తెల్లవారుజామున పొయ్యి ముందుంటాడు. పిప్పి మండుతోంది. పెనంలో రసం మరుగుతుంటే సున్నం వేసి, తేలిన మడ్డి తీస్తున్నాడు. నురుగు రంగు చూసి, బుడగ చప్పుడు విని, చుక్క నీళ్లలో వేసి ఉండ కడుతుందో లేదో చూసి, దించాల్సిన క్షణం చెప్పగలడు. ఆ క్షణం తప్పితే రైతు ఏడాది కష్టం మాడిపోతుంది. ఇది ఎవరో చెప్పింది విని రాసిన కథ కాదు. ఆ వేడి అతనికి తెలుసు.

రెండో పేజీలో హఠాత్తుగా మనం అనకాపల్లిలో ఒక కమీషన్ వ్యాపారి గదిలో వుంటాం. వ్యాపారి మీసం దువ్వుకుంటూ ధర పడగొట్టే పథకం తనలో తాను చెప్పుకుంటాడు. మూడో పేజీలో ధర పడి, రైతు చేతులెత్తేసి, కూలివాడికి కూలి సగమే ఇస్తాడు. చివర రచయితే వచ్చి దోపిడీ గురించి ఒక పేరా చెబుతాడు. కథ చచ్చింది మూడో పేజీలో కాదు, రెండో పేజీ మొదటి పంక్తిలో. పాకం చూసే మనిషికి ఆ గది తెలియదు. అతను ఆ గదిలోకి ఎన్నడూ పోలేడు. తన బతుకును నిర్ణయించే ధర ఎక్కడ తయారవుతుందో తెలియకపోవడమే అతని స్థితి. రచయిత మనకు ఆ గది చూపించేసరికి, మనకు అతనికంటే ఎక్కువ తెలిసిపోయింది. అతనితో పాటు నిలబడి తెల్లబోవలసిన మనం పైన కూర్చుని అతన్ని చూసి అయ్యో అన్నాం.

ఇదంతా అతనికి చెప్పాను. ఈసారి శిల్పమనే మాట వాడలేదు. ఎక్కడ నిలబడ్డావు, ఎందుకు కదిలావు అని అడిగాను. శ్రద్ధగా విన్నాడు గాని ఒప్పుకోలేదు. “మరి వ్యాపారి చేసింది మోసమని చదివేవాడికి ఎలా తెలుస్తుందండీ? తెలియకపోతే నేను రాయడమెందుకండీ?”

నన్ను చాలాసేపు ఆపిన ప్రశ్న అది. దృష్టికోణాన్ని కాపాడుకోవడానికి నిజాన్ని బలిపెట్టమనడం లేదు కదా మనం? చాసో కథ ‘ఎందుకు పారేస్తాను నాన్నా’ గుర్తుకొచ్చింది. చదువు ఆగిపోయిన కుర్రవాణ్ణి తండ్రి చుట్టలకు బజారుకు పంపుతాడు. దారిలో బడి. ఆ ఇంటి ఆర్థిక స్థితి వివరిస్తూ ఉపన్యాసం అక్కరలేదు. కుర్రవాడి కాళ్లు బడి దగ్గర ఎందుకు ఆగాయో చాలు. అలాగే ధర అనేది పొయ్యి దగ్గరికి ఏ రూపంలో వస్తుందో వెతకమన్నాను. బండి తోలుకెళ్లినవాడు ఎంతకూ తిరిగి రాకపోవడం కావచ్చు. దిమ్మల రంగు బాగోలేదని ఎవరో అన్నారన్న కబురు కావచ్చు. తన పాకం మీద తనకున్న నమ్మకమే ఆ కబురుతో మొదటిసారి కదలడం కావచ్చు. రంగుకు పేరు పెట్టి ధర తగ్గించారని అతనికి తెలియదు. తన చేతిదే తప్పనుకుంటాడు. పాఠకుడు మాత్రం మొదటి పేజీలో ఆ చెయ్యి ఎలాంటిదో చూశాడు.

నెల తరవాత రెండో ప్రతి పంపాడు. వ్యాపారి గది పోయింది. దాని బదులు పాకం చూసే మనిషి, పొయ్యి ముందు కూర్చుని, కళాశాల ఉపన్యాసకుడిలా అదనపు విలువ గురించి ఆలోచిస్తున్నాడు. చోటు సరిపోయింది, గొంతు మారిపోయింది. మళ్లీ ఉత్తరం రాశాను. ఆ మనిషి ఇంట్లో ఏ మాట అంటాడో అదే రాయమని, మన వీధిలో వినబడే తెలుగునే నమ్మమని. జవాబు వచ్చింది. మూడో ప్రతి మొదలుపెట్టాడట. అంతకు ముందు ఒకసారి పొయ్యి దగ్గరికి వెళ్లి రాత్రంతా కూర్చుని వస్తానన్నాడు. ఈ సంవత్సరం చెరుకు నరకడం ఇంకా మొదలుకాలేదు, ఆగాలి అని రాశాడు.